కేనన్ 5డి అద్దం ఊడితే: అతికించడం, అతికించాక ఫోకస్ తప్పితే సరిచేయడం

2005లో వచ్చిన మొదటి 5డి కెమెరా గురించే ఇదంతా. లెన్స్ నుంచి వచ్చే వెలుతురుని వ్యూఫైండర్‌కి (కన్ను పెట్టి చూసే కిటికీకి) మళ్లించే దాని అద్దం, కింది చట్రానికి జిగురు మీదే నిలబడి ఉంటుంది. ఏళ్లు గడిచి, ఎండలో కారులో ఉడికి జిగురు పట్టు వదిలేస్తే గాజు ఊడి లోపల పడుతుంది. అప్పట్లో సర్వీసులో ఉచితంగా అంచుల దగ్గర చిన్న రేకు పట్టీలు వేసి ఇచ్చేవారు. ఆ సదుపాయం ఎప్పుడో ముగిసింది.

వ్యూఫైండర్ నల్లబడింది

ముందు మెనూలోని కస్టమ్ ఫంక్షన్లలో సి.ఎఫ్.ఎన్-12 చూడండి. అదే మిర్రర్ లాకప్. అది ఆన్‌లో ఉంటే షట్టర్ బటన్ మొదటి నొక్కుకి అద్దం లేస్తుంది, రెండో నొక్కుకి ఫోటో పడుతుంది. వదిలేస్తే 30 సెకన్లకి దానంతటదే దిగుతుంది. ఈ ఒక్క సెట్టింగు చూడకుండా స్క్రూడ్రైవర్ పట్టుకునేవాళ్లకి ఏం చెప్పాలి! తర్వాత ఫుల్ ఛార్జి ఉన్న బీపీ-511ఏ బ్యాటరీ వేసి చూడండి. కెమెరా తెర మీద ఎర్రర్ 99 అనే కోడ్ కూడా వస్తుంటే లెన్స్ వెనకున్న లోహపు కాంటాక్టులు తుడవండి.

అప్పటికీ నలుపే అయితే ఆఫ్ చేసి, బ్యాటరీ తీసి, మౌంట్ (లెన్స్ బిగించే గుండ్రటి నోరు) పైకి ఉండేలా పట్టుకుని లెన్స్ నెమ్మదిగా విప్పండి. లోపల గలగలమన్నా ఊపి చూడొద్దు. దొర్లే గాజు లెన్స్ వెనక భాగాన్నీ, పెద్ద అద్దం వెనకున్న చిన్న అద్దాన్నీ గీకేస్తుంది.

అతికించడం

గాజుని అంచులతోనే పట్టుకోండి. పూత పైముఖం మీద ఉంటుంది కాబట్టి గుడ్డ తగిలినా గీతే. దుమ్ముంటే బ్లోయర్‌తో ఊదండి చాలు, అది ఫోటోలో కనపడదు. పూత ఏ వైపుందో తెలియకపోతే పళ్లపుల్ల మొనని తాకీ తాకనట్టు దగ్గరకి తీసుకెళ్లండి. మొన, దాని ప్రతిబింబం కలిసిపోతే అది పూత వైపు. మధ్యలో సందు కనిపిస్తే వెనక వైపు.

ఫెవిక్విక్ వద్దు. దాని ఆవిరి అద్దం మీదా ఫోకసింగ్ స్క్రీన్ (వ్యూఫైండర్ దృశ్యం ఏర్పడే తెర) మీదా తెల్లటి పొరలా కూర్చుంటుంది. మామూలు అరాల్డైట్ వాడండి, నెమ్మదిగా గట్టిపడే రకం. కలిపేముందు పాత జిగురు తీయాలి, అదెలాగో కింద ఉంది. గాజుని సర్దుకోడానికి టైము కావాలి. రెండు ట్యూబుల నుంచీ సమానంగా తీసి కలిపి, చట్రం రెండు పక్కలా మూడేసి ఆవగింజంత చుక్కలు పెట్టండి. మధ్య ఖాళీలోకి జారనివ్వొద్దు. ఆటోఫోకస్‌కి వెళ్లే వెలుతురు అద్దంలోంచి దూరి అటే పోతుంది.

అతికింది, కానీ చేత్తో ఫోకస్ చేసినవన్నీ మసక

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఆటోఫోకస్ ఫోటోలు బాగుంటాయి, వ్యూఫైండర్‌లో చూసి చేత్తో తిప్పినవి తప్పుతాయి. లెన్స్‌ని తిడతారు, ఫోకసింగ్ స్క్రీన్ మారుస్తారు. అసలు దొంగ గాజు కింద మిగిలిన పాత జిగురు. ఒక మూల గోరు మందం కూడా లేని పెచ్చు ఉన్నా అద్దం వాలు మారుతుంది. వ్యూఫైండర్ వెలుతురు ఆ ముఖం మీద తిరిగి వెళ్తుంది కాబట్టి కంటికి కనిపించే ఫోకస్ తప్పుతుంది. ఆటోఫోకస్ వెలుతురు అద్దంలోంచి దూరి చిన్న అద్దానికి పోతుంది కాబట్టి దానికి పెద్దగా తేడా రాదు.

నిర్ధారించుకోడానికి 50 ఎంఎం లెన్స్ ఎఫ్/1.8లో, ట్రైపాడ్ మీద, మీటరున్నర దూరంలో వార్తాపత్రిక ఏటవాలుగా పెట్టి ఒకే అక్షరం మీద ఆటోలో ఒకటి, చేత్తో ఒకటి తీయండి. ఈ కెమెరాకి లైవ్‌వ్యూ (వెనక తెర మీదే దృశ్యం చూసే సదుపాయం) లేదు, కంప్యూటర్లో పెద్దది చేసి చూడాల్సిందే. చేత్తో తీసినదే తప్పితే గాజు సరిగా కూర్చోలేదు. రెండూ తప్పితే చిన్న అద్దం వంగి ఉండొచ్చు, దాన్ని మెకానిక్‌కి వదిలేయండి.

ఇది ముందే తప్పించుకోవచ్చు. పాత జిగురు గీకేముందు చట్రాన్ని ఫోనుతో ఫోటో తీసుకోండి, గాజు ఎక్కడ కూర్చునేదో ఆ అచ్చే చెబుతుంది. తర్వాత వెదురుపుల్లని ఉలిలా చెక్కి పెచ్చులు లేపండి. మిగిలినదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి పిండిన దూదిపుల్లతో తుడవండి. రాలిన పెచ్చుల్ని మౌంట్ కిందికి పెట్టి ఊదేయండి. అసిటోన్ జోలికి పోవద్దు, ప్లాస్టిక్ కరుగుతుంది. ఇప్పుడు జిగురు లేకుండానే గాజు పెట్టి నాలుగు మూలలా పుల్లతో తట్టండి. ఏ మూల టక్కుమంటే ఆ మూల కింద ఇంకా ఏదో ఉన్నట్టే. నాలుగూ నిశ్శబ్దంగా ఉంటేనే అరాల్డైట్ కలపండి.

మౌంట్ సగం పైకి చూసేలా, అంటే అద్దం నేలకి సమాంతరంగా ఉండేలా, కెమెరాని ఆనించి 24 గంటలు కదపకండి. మామూలుగా నిలబెడితే గాజు కింది అంచువైపు జారుతుంది. తర్వాత అది లెన్స్ వెనక భాగానికి తగిలి, కొన్ని లెన్సులతో మాత్రమే ఎర్రర్ 99 వస్తుంది. ఎందుకో అర్థంకాక జుట్టు పీక్కుంటారు.

మిగతావి

గాజు పగిలితే చెడిపోయిన 5డి బాడీ నుంచి తీసుకోవడమే మార్గం. స్ప్రింగు, మోటారు గేరు పోవడం అరుదు, ఇంట్లో అయ్యే పనీ కాదు. అడాప్టర్ మీద పాత మాన్యువల్ లెన్సులు వాడేవాళ్లు, ఫోకస్ రింగుని ఇన్ఫినిటీ (అన్నిటికన్నా దూరం) వైపు కొంచెం కొంచెం తిప్పుతూ మధ్యమధ్యలో క్లిక్ చేసి చూసుకోండి. వెనక గాజు పొడుచుకొచ్చే లెన్సులు ఎంత బాగా అతికించిన అద్దానికైనా తగులుతాయి.