మన ఊళ్ళో ఇంటికి ఐరన్ ఒప్పించాలంటే ముందు బోల్టు చూపించండి

శ్రీకాకుళం జిల్లాలో ఎవరింటికైనా వెళ్ళి, పైన గది స్లాబు కాకుండా ఐరన్‌తో కట్టుకోండి అని చెప్పి చూడండి. "తిత్లీకి రేకులన్నీ ఎగిరిపోనాయి కదా బాబూ, మళ్ళీ రేకులేటి?" అంటారు. 2018 అక్టోబరు 11న ఆ తుపాను పలాస వైపు తీరం దాటినప్పుడు ఉద్దానం ఎలా అయిపోయిందో చూసినవాళ్ళు ఆ మాట అనడంలో తప్పేమీ లేదు. అంతకు నాలుగేళ్ళ ముందు హుద్‌హుద్‌కి విజయనగరం వాళ్ళూ ఇదే చూశారు. వెల్డింగు షాపు నడుపుతున్నవాళ్ళకీ, చిన్న ఊళ్ళలో ప్లాన్లు గీస్తున్న సివిల్ ఇంజినీరు తమ్ముళ్ళకీ నేను చెప్పేది ఒకటే. మన పని పెరగాలంటే రేటు తగ్గించడం, బోర్డు పెద్దది పెట్టడం తర్వాత సంగతి, ముందు ఈ భయానికి జవాబు మన చేతిలో ఉండాలి.

తిత్లీ వెళ్ళిన రెండో రోజు మా మావయ్యగారి జీడిపిక్కల గోదాము చూడ్డానికి వెళ్ళాను. రేకులు పక్క తోటలో పడున్నాయి. పైపు స్తంభాలు మాత్రం వంగలేదు, విరగలేదు. కొబ్బరి బొండమంత కాంక్రీటు ముద్దతో సహా నేలలోంచి ఊడి వచ్చేశాయి, అంతే. కొన్ని రేకులకి హుక్కు బోల్టు ఉన్నచోట చిరుగు ఉంది తప్ప మిగతా రేకు కొత్తదానిలా ఉంది. ఆ రోజు నాకు అర్థమైంది, ఓడిపోయింది ఐరన్ కాదు, అతుకులు.

దీన్ని ఇంటి యజమానికి చెప్పాలంటే లెక్క వేసి చూపించాలి. లెక్క తేలికే. గాలి వేగం సెకనుకి ఎన్ని మీటర్లో దాన్ని దానితోనే గుణించి, మళ్ళీ 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. కట్టడాల మీద పడే గాలి బలానికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖపట్నానికి ఇచ్చిన వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ లెక్కన 1500 న్యూటన్లు, మన భాషలో చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు. ఇప్పుడు 30 అడుగులు, 20 అడుగుల షెడ్డు తీసుకోండి. దాని కప్పు 56 చదరపు మీటర్లు ఉంటుంది, గాలి దాన్ని అంతే ఒత్తిడితో పైకి లాగుతుందనుకుంటే ఆ బలం 8 టన్నుల పైమాటే. రేకులు, వాటి కింద అడ్డంగా వేసే పర్లిన్లు, వాటిని మోసే త్రికోణపు చట్రాలైన ట్రస్సులు అన్నీ కలిపి చదరపు మీటరుకి పాతిక కిలోలు అనుకున్నా కప్పు బరువు టన్నున్నర లోపే. మిగతా ఆరున్నర, ఏడు టన్నులని కిందకి పట్టి ఉంచేది ఎవరు? ఎనిమిది స్తంభాలుంటే ఒక్కోదాని కింద దాదాపు 900 కిలోల బరువు ఉండాలి. అడుగు గుంతలో పైపు దింపి కాంక్రీటు పోస్తే ఆ ముద్ద బరువు 70 కిలోలు కూడా ఉండదు. రెండడుగుల వెడల్పు, రెండడుగుల పొడవు, మూడడుగుల లోతు దిమ్మ పోస్తే అదే 800 కిలోలు అవుతుంది, చుట్టూ దట్టించిన మట్టి పట్టు అదనం. ఎత్తు, వాలు, చుట్టూ గోడలున్నాయా లేదా అన్నదాన్ని బట్టి ఈ అంకెలు మారతాయి, కాబట్టి అసలు డిజైన్ ఇంజినీరు చేతే చేయించండి. కానీ ఈ చిన్న లెక్క ఒక కాగితం మీద వేసి చూపించిన రోజున, దిమ్మకి ఎందుకంత ఖర్చని అడిగే మనిషి మళ్ళీ అడగడు.

పైపుని ఎప్పుడూ మట్టిలో పాతకండి. దిమ్మలో నాలుగు బోల్టులు ముందే అమర్చి, నేల మట్టం కన్నా అర అడుగు పైకి దిమ్మ లేపి, స్తంభం అడుగున ఉండే ఇనుప పలకని, అంటే బేస్ ప్లేట్‌ని, దాని మీద కూర్చోబెట్టి, ఒక్కో బోల్టుకి రెండేసి నట్లు బిగించాలి. స్తంభానికీ ప్లేటుకీ మధ్య మూలల్లో ముక్కలు వెల్డ్ చేయండి. మూలల దగ్గర స్తంభాల మధ్య గళ్ళలో ఏటవాలు కడ్డీలు, అంటే బ్రేసింగు, తప్పనిసరి, గోడలకీ కావాలి, కప్పుకీ కావాలి. చాలామంది మానేసేది ఇదే, ఎందుకంటే మామూలు రోజుల్లో అది లేకపోయినా షెడ్డు నిలబడే ఉంటుంది. పర్లిన్‌ని ట్రస్ మీద ఊరికే చుక్క వెల్డింగుతో వదిలేయకుండా ఎల్ ఆకారపు యాంగిల్ ముక్క పెట్టి బోల్టు చేయండి. ఇక రేకు సంగతి. గాలి ఎక్కువ లాగేది చూరు అంచుల దగ్గర, మూలల దగ్గర, రెండు వాలులు కలిసే నడికొప్పు దగ్గర, కాబట్టి అక్కడ రేకులోని ప్రతి ఎత్తు మడత మీదా స్క్రూ పడాలి. మిగతా చోట ఎంత దూరానికి ఒకటి అన్నది డిజైన్ ప్రకారం వేసుకోవచ్చు. రబ్బరు వాషరు నలిగి బయటికి వచ్చేదాకా బిగించకండి, అలా చేస్తే వచ్చే వానాకాలానికే కారుతుంది, ఆ కారడం చూసి ఊరంతా ఐరన్‌ని తిడుతుంది.

మొదటి పని ఎక్కడ వెతుక్కోవాలి? నా అనుభవంలో పెంకుటిళ్ళ దగ్గర. విజయనగరం పాత వీధుల్లో, పల్లెల్లో గోడలు బాగానే ఉండి దూలాలు, వాసాలు చెదలు తినేసిన ఇళ్ళు చాలా ఉన్నాయి. వాళ్ళకి ఇల్లు పడగొట్టి స్లాబు వేసే స్తోమత ఉండదు, మంచి టేకు కొనే పరిస్థితీ ఉండదు. గోడ పైన చుట్టూ చిన్న కాంక్రీటు పట్టీ పోసి, అందులో ప్లేట్లు దిగేసి, యాంగిల్ ట్రస్సులు నిలబెట్టి, అదే పెంకు మళ్ళీ పైన పరచండి. పెంకు బరువు డిజైన్‌లో కలుపుకోవాలి సుమా. ఇల్లు చల్లగానే ఉంటుంది, చూడ్డానికి తాతగారి ఇల్లులాగే ఉంటుంది, చెదల బెంగ ఉండదు. ఇలాంటిది ఒక్కటి బాగా చేస్తే ఆ వీధిలో మరో రెండు వస్తాయి.

తర్వాతది పాత డాబా మీద గది. ఐదంగుళాల స్లాబు చదరపు మీటరుకి 300 కిలోల పైనే బరువు, అదే రేకు కప్పు అయితే పాతిక కిలోలు. పునాది తక్కువ ఉన్న ఇంటికి ఇది నిజంగా మంచి దారి. అయినా పునాది, కింద పిల్లర్లు ఎవరైనా ఇంజినీరు చూసి సరేనన్నాకే ఒప్పుకోండి. వేడి సంగతి దాచకండి. రేకు కింద ఏమీ లేకపోతే మే నెలలో ఆ గదిలో కూర్చోలేరు, వాన పడితే మాట వినపడదు. ఇన్సులేషనూ, కింద సీలింగూ ఎస్టిమేట్‌లో మొదటే రాసేయండి.

ఎస్టిమేట్ అంటే గుర్తొచ్చింది. "మొత్తం పని ఇంత" అని చెప్పకుండా కిలోల్లో చెప్పండి. ఏ సైజు, ఎంత మందం, ఎన్ని మీటర్లు, ఎన్ని కిలోలు, కిలోకి మెటీరియల్ ఎంత, కూలి ఎంత. రెండంగుళాల చదరపు పైపు 2 మిల్లీమీటర్ల మందం ఉంటే మీటరుకి సుమారు 3 కిలోలు, ఇరవై అడుగుల పైపు 18 కిలోలు తూగుతుంది. 1.6 మిల్లీమీటర్లయితే అదే పైపు పద్నాలుగున్నర. కంటికి రెండూ ఒకటే, కాటాకే తేడా తెలుస్తుంది. చువ్వలకైతే మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు వస్తుంది, 12 ఎం.ఎం. చువ్వ 0.89 కిలోలు. ఈ సూత్రాలు యజమానికి కూడా నేర్పండి. ఆయన ముందే తూకం వేయించండి. ఒకసారి నాకు ఒక డీలరు పల్చటి పైపులు 2 మిల్లీమీటర్లవని అంటగట్టాడు, నేను తూకం వేయకుండానే బిగించాను, తర్వాత తెలిసి నా డబ్బుతో మార్చాను. అప్పట్నుంచి కాటా చీటీ బిల్లుకి పిన్ చేసి ఇస్తున్నాను.

కళింగపట్నం, బారువ, పూసపాటిరేగ వైపు చింతపల్లి లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో తుప్పే అసలు పోటీదారు. పైపు చివర్లు మూసి వెల్డ్ చేయండి, లోపలికి ఉప్పుగాలి పోకూడదు. నీళ్ళు నిలిచే గూడులా సి ఆకారపు చానల్‌ని వెల్లకిలా పెట్టకండి. గాల్వనైజ్డ్ పైపుకి వెల్డింగు చేసినచోట జింకు పూత కాలిపోతుంది, వైరు బ్రష్‌తో రుద్ది జింకు పెయింటు వేయాలి. మామూలు పైపుకి తుప్పంతా గీకాకే ప్రైమర్, అది ఆరాకే రంగు. వర్షాకాలంలో తడి మీద రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ పూసి వచ్చేస్తే అది పూసినట్టే కాదు.

పక్కనే విశాఖ ఉక్కు ఉంది, అక్కడ చువ్వలూ యాంగిల్సూ చానళ్ళూ తయారవుతాయి. ఉక్కులో కలిపే మాంగనీసు మన చీపురుపల్లి వైపు నేలలో దొరుకుతుంది. అయినా మన ఇళ్ళలో ఉక్కు స్లాబు లోపల దాక్కునే చువ్వగానే ఉండిపోయింది, నాకది బాధగా ఉంటుంది. డిజైన్ నేర్చుకోవాలనుకునే కుర్రాళ్ళు ఉక్కు కట్టడాల డిజైన్‌కి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 800, 2007 నాటిది, దగ్గర పెట్టుకోండి. కోల్‌కతాలో 1996 నుంచి ఉన్న ఇన్స్‌డాగ్ సంస్థ పనే కట్టడాల్లో ఉక్కు వాడకం పెంచడం, వాళ్ళ పుస్తకాలు పనికొస్తాయి.

పని జరుగుతున్నప్పుడు దిమ్మ పోసే రోజు యజమానినీ, పక్కింటివాళ్ళనీ పిలవండి. మట్టి కప్పేశాక ఎవరికీ కనపడదు కాబట్టి ఫోటోలు తీసి వాళ్ళకే ఇవ్వండి. అప్పగించిన మొదటి ఏడాది సెప్టెంబరులో, తుపాన్ల రోజులు రాకముందే, స్పానరు పట్టుకుని వెళ్ళి ప్రతి బేస్ ప్లేటు నట్టూ బిగించి, ఊడిన స్క్రూలు మార్చి, తుప్పు చుక్కల మీద రంగు వేసి రండి. దానికి డబ్బు అడక్కండి.