సెల్కిర్క్ దొర గురించి ప్రసంగం తయారుచేసుకోవడం ఎలా?

కెనడాలోని విన్నిపెగ్ నగరానికి పునాది వేసినవాడని పేరుబడ్డ సెల్కిర్క్ దొర, అంటే సెల్కిర్క్ అయిదవ ఎర్ల్ థామస్ డగ్లస్ (1771–1820), గురించి చెన్నైలో ఏ తెలుగు సంఘం సభలోనో, కళాశాల చరిత్ర విభాగంలోనో మాట్లాడడానికి ఒప్పుకున్నవారికి సామగ్రి దొరకడం కష్టం కాదు. దొరికినదాన్ని ఏ వరుసలో పేర్చాలన్నదే కష్టం. స్కాట్లాండ్ నుంచి మొదలుపెడితే ఆయన దీనబంధువుగా కనిపిస్తాడు. నేటి విన్నిపెగ్ నగరం వెలసిన రెడ్ రివర్ నది ఒడ్డు నుంచి మొదలుపెడితే ఊరుకాని ఊరు వచ్చి హక్కు చాటుకున్న భూస్వామిగా కనిపిస్తాడు. అందువల్ల రాయడానికి కూర్చోగానే ఒక కాగితంపై 1811, 1817 అని రెండు సంవత్సరాలను పక్కపక్కన వేసుకోండి. మొదటిది ఆయనకు భూమి దఖలు పడిన సంవత్సరం, రెండవది ఆ భూమిపై ఉంటున్నవారితో ఆయన ఒప్పందం చేసుకున్న సంవత్సరం. ఆయనపై నడుస్తున్న వివాదంలో ముప్పాతిక భాగం ఈ ఆరేళ్ల ఎడంలోనే ఉంది.

ముందుగా ఆయనకు దక్కవలసిన మంచిపేరును దక్కనివ్వండి. ఇక్కడ పిసినారితనం చూపితే మిగిలిన ప్రసంగాన్ని ఎవరూ నమ్మరు. స్కాట్లాండ్‌లోని హైలాండ్స్ కొండసీమలో భూస్వాములు గొర్రెల పెంపకంలో లాభం చూసి, తరతరాలుగా సాగుచేసుకుంటున్న కౌలు రైతులను వెళ్లగొడుతున్న కాలమది. ఏడవ కొడుకుగా పుట్టి, అన్నలందరూ ముందే పోవడంతో 1799లో బిరుదుకు వారసుడైన సెల్కిర్క్, ఈ రైతులను సముద్రం దాటించి స్థిరపరచాలని పూనుకుని, 1803లో సుమారు 800 మందిని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవికి చేర్చాడు. అక్కడి ఊళ్లు నిలదొక్కుకున్నాయి. మరుసటి ఏడు ఎగువ కెనడాలోని బాల్డూన్ చిత్తడి నేలలో పెట్టించిన కాపురాలను మలేరియా దెబ్బతీసింది. ఈ రెండింటికీ చెరొక నిమిషం చాలు.

1811 దగ్గర మాత్రం ఆగాలి. ఉత్తర అమెరికాలో జంతుచర్మాల వ్యాపారం చేసే హడ్సన్స్ బే కంపెనీలో సెల్కిర్క్‌కు, ఆయన భార్య తరఫు బంధువులకు పెద్ద మొత్తంలో వాటాలుండేవి. ఆ కంపెనీ ఆ ఏడు నామమాత్రంగా పది షిల్లింగులు పుచ్చుకుని రెడ్ రివర్ సీమలో 1,16,000 చదరపు మైళ్ల నేలను ఆయనకు రాసిచ్చింది. అంకెను చదివి వదిలేస్తే శ్రోతలకు ఏమీ అందదు. మన రెండు తెలుగు రాష్ట్రాలను కలిపినా అంత విస్తీర్ణం రాదని చెబితే సభలో తలలు పైకి లేస్తాయి. ఆ వెంటనే, రాసిచ్చినవారికి ఆ నేల ఎక్కడిదని అడగండి. 1670లో రెండవ చార్లెస్ రాజు ఇచ్చిన పట్టా ఒక్కటే కంపెనీ చేతిలో ఉన్న ఆధారం. ఆ నేలపై బతుకుతున్న క్రీ, సోటో, అసినిబోయిన్ జాతులవారిని రాజూ అడగలేదు, కంపెనీ అడగలేదు. ఐరోపా వర్తకులకూ స్థానిక స్త్రీలకూ పుట్టి, అప్పటికి ఒక ప్రత్యేక జాతిగా ఎదుగుతున్న మేటీలనైతే అసలు లెక్కలోకే తీసుకోలేదు. ఇనాం భూముల తగాదాలు వింటూ పెరిగిన మనవారికి ఇందులోని లొసుగును విడమరచి చెప్పనక్కర్లేదు.

తరువాత చెప్పవలసింది తిండి సంగతి. చాలామంది వక్తలు దీన్ని దాటేసి నేరుగా కాల్పుల దగ్గరికి వెళ్లిపోతారు, దాంతో కాల్పులకు కారణమే లేకుండా పోతుంది. బైసన్ (అమెరికా అడవిదున్న) మాంసాన్ని పలుచని చీలికలుగా ఎండబెట్టి, దంచి, కరిగించిన కొవ్వు పోసి, ఒక్కోసారి అడవి పండ్లు కలిపి, అదే జంతువు తోలుతో చేసిన సంచిలో వేసి కుట్టేస్తే అది పెమ్మికన్. సంచి ఒక్కొక్కటి దాదాపు 90 పౌన్లు తూగేది, నెలల తరబడి చెడేది కాదు. అదే వ్యాపారంలో హడ్సన్స్ బే కంపెనీకి పోటీదారైన నార్త్ వెస్ట్ కంపెనీ పడవలవాళ్లకు దారిలో ఇదే భోజనం, మేటీలకు దీని అమ్మకమే ఆదాయం. 1812లో సెల్కిర్క్ పంపిన తొలి వలసదారులు చేరాక పంటలు సరిగా పండక ఆకలి చుట్టుముట్టడంతో, ఆయన నియమించిన గవర్నర్ మైల్స్ మెక్డొనెల్ 1814 జనవరిలో పెమ్మికన్‌ను ఆ సీమ దాటించరాదని ఆజ్ఞ జారీచేశాడు; అదే ఏడు వేసవిలో గుర్రాలపై బైసన్‌లను తరిమి వేటాడడాన్నీ నిషేధించాడు. పిల్లాజెల్లాతో పస్తులున్న రైతుల వైపు నుంచి చూస్తే మొదటి ఆజ్ఞ అర్థమవుతుంది. రెండవదాన్ని సమర్థించడం మాత్రం నా వల్ల కాదు; నిన్న వచ్చినవారి కోసం, గుర్రమూ వేటా తప్ప వేరే ఆధారం లేనివారి చేతులు కట్టేయడం అది.

1816 జూన్ 19న ఆ వలస దగ్గరలోని సెవెన్ ఓక్స్ వద్ద జరిగిన ఘర్షణను చెప్పేటప్పుడు విశేషణాలు తగ్గించండి. కొత్త గవర్నర్ రాబర్ట్ సెంపుల్‌తో కలిపి హడ్సన్స్ బే కంపెనీ పక్షాన 21 మంది, కత్‌బర్ట్ గ్రాంట్ వెంట వచ్చిన మేటీల పక్షాన ఒక్కరు చనిపోయారు. గాయపడి నేలపై ఉన్నవారిని కూడా చంపిన మాట నిజం. అయితే విచారణకు వచ్చిన కమిషనర్ కోల్ట్‌మన్, తొలి తూటా సెంపుల్ మనుషుల నుంచే పేలిందని దాదాపు నిశ్చయానికి వచ్చిన మాటా నిజమే. ఈ మూడింటినీ ఒక్క ఊపులో చెప్పాలి. ఏ ఒక్కటి వదిలినా మీరు వక్త కాక ఒక పక్షం వకీలు అవుతారు. ఆ ఆగస్టులో సెల్కిర్క్ స్వయంగా కిరాయి సైనికులతో వెళ్లి నార్త్ వెస్ట్ కంపెనీ స్థావరమైన ఫోర్ట్ విలియంను పట్టుకున్నాడు. ఆపైన వచ్చిపడ్డ దావాలతో ఆస్తి కరిగి, క్షయతో 1820లో ఫ్రాన్స్‌లో కన్నుమూశాడు.

1817 జులై 18 నాటి ఒప్పందం నకలును తెరపై చూపే వీలుంటే తప్పక చూపండి. అయిదుగురు నాయకులు సంతకాలకు బదులు తమ వంశ చిహ్నాలైన జంతువుల బొమ్మలు గీశారు. ఒప్పందానికి లోబడిన నేల ప్రధానంగా నదికి ఇరువైపులా రెండేసి మైళ్లు. చదునైన మైదానంలో నిలబెట్టిన గుర్రం పొట్ట కింద నుంచి వెలుతురు కనిపించేంత మేర అని ఆ దూరాన్ని వారికి వివరించినట్టు చెప్పుకుంటారు. బదులుగా ఒక్కొక్క జాతికి ఏటేటా 100 పౌన్ల పొగాకు. ఒప్పందం ఒక చోట నేలను రాజుకు ఇచ్చేసినట్టు రాసి, మరో చోట ఆ పొగాకును కానుక లేదా శిస్తు అంటుంది. ఇచ్చేసిన నేలకు ఏటా శిస్తు ఎందుకు? ఆపదలో వలసదారులను ఆదుకున్న సోటో నాయకుడు పెగ్విస్, తాము నేలను అమ్మనే లేదని వృద్ధాప్యంలో గట్టిగా వాదించాడు. 1871లో కెనడా ప్రభుత్వం ఆ ప్రాంతానికి మళ్లీ ఒప్పందం రాసుకోవలసి రావడం ఆయన వాదనకు బలమే. అంతకు మించిన ప్రశ్న ఒకటుంది, దాన్ని సభ ముందు ఉంచి కాసేపు ఊరుకోండి: 1811 నాటి పత్రమే చాలినదైతే, 1817లో ఈ ఒప్పందంతో పనేమిటి?

శ్రోతలు చెన్నైవారు కనుక మన్రోతో పోలిక అడగక మానరు. ఐలాండ్ మైదానం దగ్గర జీనూ రికాబులూ లేని గుర్రంపై కూర్చున్న సర్ థామస్ మన్రో కూడా స్కాట్లాండ్‌వాడే, సెల్కిర్క్‌కు సమకాలికుడే. అయితే పోలికను తెగేదాకా లాగకండి. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలను ఏలిన మన్రో స్కాట్లాండ్ రైతులను తెచ్చి ఇక్కడ దింపలేదు. ఉన్న రైతుల పొలాలు కొలిపించి శిస్తు కట్టాడు. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయిన ఆయనను మంత్రాలయం కథలో నేటికీ భక్తితో తలుచుకునేవారున్నారు. ఇదే నగరం మరో స్కాట్లాండ్ దొరను వేరేగా చూసింది: 1857 తిరుగుబాటులో దారుణ శిక్షలు వేయించిన సైనికాధికారి నీల్ విగ్రహాన్ని, దాన్ని తొలగించాలంటూ సత్యాగ్రహం జరిగిన పదేళ్లకు, 1937లో రాజాజీ మంత్రివర్గం మౌంట్ రోడ్డు నుంచి తీయించి మ్యూజియంకు పంపింది.

చివరి పది నిమిషాలు ప్రశ్నలకు ఉంచండి. విన్నిపెగ్ ఉన్న మానిటోబా రాష్ట్రంలో సెల్కిర్క్ పేరిట ఒక పట్టణమే ఉంది కనుక, ఆ పేరు ఉంచాలా, మార్చాలా అన్న ప్రశ్న తప్పక వస్తుంది. అప్పుడు ఆ పట్టణం పక్కనే ఉండిన సెయింట్ పీటర్స్ రిజర్వు, అంటే స్థానిక జాతులవారికి కేటాయించిన నేల, సంగతి చెప్పండి. పెగ్విస్ సంతతివారు నివసించిన ఆ నేలను 1907లో అక్రమంగా స్వాధీనపరచుకుని, వారిని ఉత్తరాదికి తరలించారు. దాన్ని సెల్కిర్క్ ఖాతాలో వేయకండి, ఆయన పోయి అప్పటికి 87 ఏళ్లయింది. కానీ పేరు మార్పు గురించి మాట్లాడేటప్పుడు ముందుగా వినవలసింది ఎవరి మాటో ఆ ఉదంతం తెలుపుతుంది కనుక, సమయం తక్కువైతే మన్రో కథనైనా కుదించండి, దీన్ని మాత్రం వదలకండి.