ముసురు పట్టకముందే: పాత యుద్ధచిత్రాల ప్రింట్లు దాచుకున్నవారికి జాగ్రత్తలు

తిరుపతి, చిత్తూరు వైపు అసలు వాన అక్టోబరు మూడో వారం తర్వాతే మొదలవుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే మూడు నాలుగు రోజులు ఎండ ముఖం కనబడదు. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగిన వరద, 2023 డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుపాను, రెండూ ఈ కాలంలోవే. ఇంట్లో శ్రీరంగపట్నం ముట్టడి ఆక్వాటింట్లో (రాగిపలకను ఆమ్లంతో కొరికించి నీడలు రప్పించిన అచ్చుబొమ్మలు), సైనిక స్మారకాల ఎన్‌గ్రేవింగులో (పలక మీద గీతలు చెక్కి అచ్చేసినవి) ఉన్నవాళ్లు కింద చెప్పిన పనంతా దసరా లోపే ముగించుకోవాలి. ముసురు పట్టాక పెట్టె తెరిస్తే, బయటి చెమ్మను మన చేతులతోనే లోపలికి పంపినట్టు.

మనవాళ్లకు హైదరాలీ, టిప్పు సుల్తాన్ ఇంగ్లీషువాళ్లతో చేసిన మైసూరు యుద్ధాల బొమ్మల మీద మక్కువ ఉండటంలో వింత లేదు. హైదరాలీ 1782 డిసెంబరులో కన్నుమూసింది చిత్తూరు దగ్గరి దండులోనే. ఆ యుద్ధాలకు ముందే, 1740లో, ఆర్కాటు నవాబు దోస్త్ అలీ మరాఠాల చేతిలో చచ్చిపోయింది మన దామలచెరువు కనుమలోనే. చిక్కేమిటంటే, ఆ ప్రింట్లు లండన్ చలిలో, లండన్ కాగితం మీద అచ్చయినవి. ఇక్కడ మేలో నలభై రెండు డిగ్రీల ఎండకు ఎండి, నవంబరులో ఒక్కసారిగా చెమ్మ పీల్చుకుంటాయి. అసలు నష్టం ఆ మార్పు వల్లనే.

మిద్దె కారితే ఆ పూటే తెలుస్తుంది, పరుగెత్తి ఏదో ఒకటి చేస్తాం. గాలిలో తేమ 65 శాతం దాటి రోజుల తరబడి నిలిచిపోతే మాత్రం ఎవరికీ తెలియదు. బూజు మొలిచేది అప్పుడే. అందుకని మొట్టమొదట కొనాల్సింది తేమ చూపే డిజిటల్ మీటరు. కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. కానీ చౌక మీటర్లు అయిదారు అంకెలు అటూ ఇటూ చూపిస్తాయి, కొన్న రోజే ఉప్పుతో పరీక్షించాలి. సీసా మూత నిండా వంట ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేదాకా నీటి చుక్కలు వేయండి. ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతనూ మీటరునూ ఒకే జిప్ కవర్లో పెట్టి, గాలి పోకుండా మూసి, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు కదపకుండా వదిలేయండి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీటరు 71 చూపిస్తే అది నాలుగు తక్కువ చెబుతోందన్నమాట. ఆ సంగతి ఒక చీటీ మీద రాసి మీటరు వెనక అంటించండి.

ప్రింట్లకు 45 నుంచి 55 శాతం మంచిది, మన ఊళ్లలో 60 దాకా ఓర్చుకోవచ్చు. 40 కిందికి దించడమూ తప్పే. కాగితం పెళుసెక్కుతుంది, రంగు మీద పూసిన జిగురు పగులుతుంది.

ఏది ఎలాంటి కాగితమో ముందే తేల్చుకోండి

అన్ని ప్రింట్లకూ ఒకే మందు పనిచేయదు. పదిరెట్లు పెద్దగా చూపే లూప్‌తో (చిన్న భూతద్దం) ఒక్కొక్కటి చూడండి. బొమ్మ చుట్టూ పలక నొక్కిన గుంత గీత ఉండి, నీడల్లో పురుగు తొలిచిన వలలాంటి సన్నని గింజ కనబడితే ఆక్వాటింట్. రాగి మీద చెక్కిన గీతలైతే వాటి చివర్లు సన్నగా మొనదేలతాయి. చుక్కలు చుక్కలుగా ఒళ్లంతా నింపితే స్టిపుల్. చిత్రకారుడు కెర్ పోర్టర్ గీసిన శ్రీరంగపట్నం ముట్టడిని పలకలు చెక్కే వెండ్రామిని ఇలాగే పెద్ద పలకల మీదికి ఎక్కించాడు. నాలుగు రంగుల చుక్కలు గులాబీ పువ్వులా గుంపుకడితే అది ఈ మధ్య అచ్చయిన నకలు, దాని కోసం చెమ్మ పీల్చే సిలికా జెల్ ఖర్చు దండగ.

1800కు ముందటి షీటును వెలుతురుకు ఎత్తి పట్టండి. అది గుడ్డపీలికల కాగితం, జంతు జిగురు పట్టించినది, గట్టిది. జె. వాట్‌మన్ (ఇంగ్లండు కాగితం తయారీదారు పేరు) అన్న నీటిగుర్తు కనబడితే పక్కన ఏడాది కూడా ఉండవచ్చు, రాసుకోండి. పంతొమ్మిదో శతాబ్దం నడిచేకొద్దీ పటిక, రోజనం కలిపిన కాగితం వచ్చింది. గోధుమరంగు మచ్చలు ఎక్కువగా పట్టేది దానికే. 1850ల తర్వాత గడ్డి, చెక్క గుజ్జు కలిసిన కాగితం వచ్చి ఇంకా బలహీనపడింది. 1842లో మొదలైన బొమ్మల వారపత్రిక ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ నుంచి తీసిన వుడ్ ఎన్‌గ్రేవింగులు (చెక్క మీద చెక్కి అచ్చేసినవి), ముఖ్యంగా నడిమి మడత ఉన్న రెండు పేజీల యుద్ధదృశ్యాలు, ఈ కోవలోకి వస్తాయి. మడత దగ్గర చెమ్మ చేరితే విప్పేటప్పుడే చీలిపోతాయి.

మరొక తేడా ఉంది, తడిసిన రోజు అక్కరకొచ్చేది. అచ్చు సిరా అవిసె నూనెతో చేసింది, నీళ్లకు కదలదు. చేత్తో పూసిన నీటిరంగు కదులుతుంది. కాబట్టి రంగు వేయని రాగి ఎన్‌గ్రేవింగు నీళ్లకు చాలావరకు తట్టుకుంటుంది, రంగు పూసిన ఆక్వాటింట్ తట్టుకోలేదు. ఎరుపు కోటు సిపాయిలు ఆకాశంలోకి కారిపోతారు. పెట్టె మీద చీటీ రాసేటప్పుడు ‘రంగు’, ‘రంగు లేదు’ అని పెద్ద అక్షరాలతో రాయండి.

గోడమీద పటాలు

తిరుపతిలో ఫ్రేములు కట్టే షాపులకు కొదవలేదు. అక్కడి పనితనం మంచిదే, కానీ అది దేవుడి పటాలకు అలవాటుపడ్డ పనితనం. బొమ్మను హార్డ్‌బోర్డుకు బంకతో అంటించి, గాజును దాని మీద ఆనించి, వెనక ప్లైవుడ్ పెట్టి మేకులు కొట్టేస్తారు. శ్రీరంగపట్నం ప్రింటుకు ఇదే పద్ధతి వాడితే ఒక్క వానాకాలంలో పాడవుతుంది.

ఎందుకో దగ్గరగా చూడండి. రెండడుగుల కాగితం తేమకు రెండు మూడు మిల్లీమీటర్లు సాగుతుంది. నాలుగు అంచులూ అంటించి ఉంటే సాగడానికి చోటులేక మధ్యలో ఉబ్బి గాజును తాకుతుంది. పాత రంగు ప్రింట్లలో ముదురు నీడలకు, అంటే కోట కందకం, తుపాకి పొగ అడుగు, ఏనుగు కడుపు లాంటి చోట్లకు, నిగనిగ కోసం తుమ్మజిగురు పూసేవారు. ప్రింటును ఏటవాలుగా పట్టుకుంటే ఆ చోట్లు మాత్రమే మెరుస్తాయి. చెమ్మకు ఆ జిగురు మెత్తబడి గాజుకు కరుచుకుంటుంది. జనవరిలో ఎండిపోతుంది. ఫ్రేము విప్పిన రోజు కాగితం చేతికొస్తుంది, నలుపు మాత్రం గాజు మీదే మిగిలిపోతుంది. అప్పటికే అంటుకుపోయి ఉంటే లాగకండి, గాజుతో సహా అలాగే ఉంచి కాగితం బాగుచేయడం తెలిసినవాళ్లకు చూపించండి.

షాపులో చెప్పాల్సిన మాటలు ఇవి: ‘గాజు బొమ్మకు తగలకూడదు. మధ్యలో, బొమ్మ కనబడేలా కిటికీ కోసిన మూడు మిల్లీమీటర్ల మౌంట్ బోర్డు అట్ట పెట్టాలి, ఆమ్లం లేని బోర్డే కావాలి. ప్రింటును అంటించేది పైఅంచున రెండే చోట్ల, పల్చటి జపాన్ కాగితంతో, గోధుమ గంజితో. ఫెవికాల్ వద్దు, సెల్లోటేపు అసలే వద్దు.’ గంజి మనమే చేసి పట్టుకెళ్లడం మేలు: ఒక వంతు గోధుమ పిండి స్టార్చికి అయిదు వంతుల నీళ్లు, చిన్న మంట మీద గాజులా మెరిసేదాకా కలపాలి. చల్లారాక వాడాలి. రెండు రోజులకు మించి దాచకూడదు, పులుస్తుంది.

పటం ఏ గోడకు ఉందో చూడండి. ఈ కాలంలో జడివాన ఉత్తరం, తూర్పు గోడలను కొడుతుంది, ఆ గోడల లోపలి ముఖం వారం రోజులు చల్లగా చెమ్మగా ఉంటుంది. వాటి మీది పటాలు జనవరి దాకా దించేయండి. లోపలి గోడలకు ఉన్నవాటికి వెనక నాలుగు మూలలా బెండు ముక్కలు అంటించి, గోడకూ ఫ్రేముకూ మధ్య వేలెడంత సందు వదలండి. బీరువా నైరుతిలో పెట్టమన్న వాస్తు ఈ ఒక్క విషయంలో మనకు కలిసొచ్చింది. అదే వాస్తు పూజగదిని ఈశాన్యంలో పెట్టించింది. కార్తీకమంతా దీపాలు, సాంబ్రాణి, పైగా చెమ్మ గోడ. ఆ గదిలో కానీ దాని పక్క గోడకు కానీ ప్రింటు పెట్టవద్దు. నూనె మసి కాగితంలోకి దిగితే దాన్ని తీసే దారి లేదు.

పెట్టెలో దాచేవి

మీటరు 55 కంటే తక్కువ చూపించే పొడి మధ్యాహ్నం చూసుకుని సర్దండి. ముసురు రోజున మూస్తే ఆ చెమ్మనే మూసినట్టు. షీట్ల మధ్య ఆమ్లం లేని టిష్యూ పెట్టి, పడుకోబెట్టి పేర్చండి. నిలువుగా చుట్టి గొట్టంలో దూర్చకండి. ప్లాస్టిక్ కవర్లలో పీవీసీ పనికిరాదు, మెత్తబడి అచ్చును పీకుతుంది. పాలియెస్టర్ అయితే ఒక అంచు తెరిచి ఉంచాలి. లామినేషన్ చేయించినవాటికి ఇక చేసేదేమీ లేదు.

మూత గట్టిగా పడే వంద లీటర్ల పెట్టెకు అర కిలో సిలికా జెల్ చాలు. నారింజ రంగుది తీసుకోండి, నీలం రంగుదానిలో ఒంటికి చెడు చేసే కోబాల్ట్ ఉంటుంది. పల్చటి నూలు సంచుల్లో కట్టి, కాగితానికి తగలకుండా మూలల్లో ఉంచండి. రంగు ఆకుపచ్చకు తిరిగితే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు కాచి, పూర్తిగా చల్లారాక మళ్లీ పెట్టండి. వేడి మీద ఉన్నప్పుడు అది చెమ్మను సరిగా పీల్చదు. పెట్టె అడుగు నేలకు జానెడు పైన, గోడకు బెత్తెడు దూరంలో ఉండాలి. అటక మీద వద్దు, మిద్దె కారేది మొదట అక్కడే.

ఏసీ ఉంది కదా అనుకునేవారికి ఒక మాట. పగలు నడిపి రాత్రి ఆపేస్తే తేమ 50 నుంచి 80కి ఊగుతుంది. దానికంటే ఏసీ లేకుండా మూసిన పెట్టే నయం.

చెదలు గోడ వెంట మట్టి బాటలు కట్టుకుని వస్తాయి కాబట్టి కనబడతాయి. సిల్వర్‌ఫిష్‌లు (వెండిరంగు చిన్న పురుగులు) కనబడవు, గంజినీ కాగితం పైపొరనూ గీకి తింటాయి. నాఫ్తలీన్ ఉండలు వాటిని పెద్దగా చంపవు, మన ఊపిరికి మాత్రం చెడు. వేపాకు వేయాలనుకుంటే బాగా ఎండబెట్టి వేయండి, పచ్చి ఆకు చెమ్మ తెస్తుంది. తాటాకు గ్రంథాలకు నిమ్మగడ్డి నూనె రాస్తారని విని కొందరు ప్రింట్ల అంచులకూ రాస్తున్నారు. తాటాకుకు అది మంచిదే. కాగితం మీద చెరగని మరక పడుతుంది.

తడిసిన రోజు

నలభై ఎనిమిది గంటల్లో బూజు మొదలవుతుంది. ముందు ఆదుకోవాల్సినవి రంగు ప్రింట్లు, తర్వాత పత్రిక కాగితాలు, చివర రంగు లేని ఎన్‌గ్రేవింగులు. తడి కాగితాన్ని వేళ్లతో ఎత్తకండి, తన బరువుకే చిరుగుతుంది. అడుగున నైలాన్ దోమతెర ముక్క దూర్చి, దానితో సహా ఎత్తండి. రంగువాటిని ముఖం పైకి ఉంచి, అద్దకుండా తుడవకుండా, ఫ్యాను గాలి పైన నేరుగా తగలకుండా ఆరనివ్వండి. రంగు లేనివాటి అడుగున అద్దుడు కాగితం వేసి, మొదటి రోజు గంట గంటకూ మార్చండి. హెయిర్ డ్రయ్యరు, ఇస్త్రీపెట్టె, ఎండ మూడూ వద్దు. పది షీట్లకు మించి తడిస్తే ఒక్క రోజులో అన్నీ ఆరవు. ఆరబెట్టలేనివాటిని ఒక్కొక్కటి బటర్ పేపర్ మధ్య పెట్టి, కవర్లో మూసి, ఫ్రీజరులో పెట్టేయండి. బూజు ఆగుతుంది. తర్వాత తీరిగ్గా రెండేసి తీసి ఆరబెట్టుకోవచ్చు. ఆ కాలంలో కరెంటు పోతుంటుంది కాబట్టి ఫ్రీజరు తలుపు ఊరికే తెరవకండి.

అప్పటికే బూజు పట్టినది చూస్తే తడి మీద తుడవకండి, పొరలోకి దిగిపోతుంది. పూర్తిగా ఆరి పొడిలా అయ్యాక, వరండాలో, ఎన్95 మాస్కు పెట్టుకుని, మెత్తటి మేకవెంట్రుకల బ్రష్షుతో మనిషికి దూరంగా పోయేట్టు దులపండి. డెటాల్, బ్లీచింగు దగ్గరికి రానివ్వకండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కొరియరులో ప్రింట్లు తెప్పించుకోకపోవడమే మంచిది. తప్పదంటే, రెండు గట్టి అట్టల మధ్య చదునుగా, లోపల మూసిన కవర్లో పంపమనండి. వచ్చిన కట్టను రోజంతా విప్పకుండా గదిలో ఉంచి, విప్పాక మూడు వారాలు వేరే పెట్టెలో పెట్టండి. లోపల పురుగు ఉంటే అప్పటికి బయటపడుతుంది.

సంక్రాంతి దాటి, వారం రోజులు వరసగా మీటరు 55 లోపు చూపిస్తే రోజుకొక పెట్టె తెరవండి. మొదట చూడాల్సింది మడతల లోపలి వైపు, తర్వాత వెనక పక్క. టార్చి ఏటవాలుగా వేస్తే బూజు తొలి నూగు తెల్లగా లేచి కనబడుతుంది. మచ్చ ఉన్న షీటు వెనక మూలన మెత్తటి పెన్సిల్‌తో తేదీ వేసి పక్కకు తీయండి. ఫ్రేముల షాపుకు ఇచ్చే పని ఏదైనా ఉంటే ఫిబ్రవరిలో ఇవ్వండి.