చైనా ఎక్స్‌పోర్ట్ వెండి గుర్తుపట్టడం – 3వ భాగం: అడుగున ముద్రలు

ఎక్స్‌పోర్ట్ వెండి అంటే పడమటివాళ్ళకి అమ్మడానికి చైనాలో చేసిన వెండి సామాను. పోయిన భాగంలో డ్రాగన్ హ్యాండిళ్ళు, వెదురు గణుపులు, చామంతులు చూసి ఇది చైనా పనే అని ఓ అంచనాకి రావడం చూశాం కదా, ఇవాళ వస్తువుని బోర్లించి అడుగు చూద్దాం. కంసాలి కంటికి పెట్టుకునే భూతద్దం ఉంటే చాలు.

ముందు సింహం ముద్ర సంగతి తేల్చేద్దాం. 1800 తర్వాత కాంటన్‌లో (దక్షిణ చైనా రేవు, ఇప్పటి గ్వాంగ్‌జౌ) చేసిన స్పూన్లు, ఫోర్కులు తిప్పి చూస్తే నడుస్తున్న సింహం, చిరుతపులి తల, రాజు తల, ఒక ఇంగ్లీషు అక్షరం, అచ్చం లండన్ హాల్‌మార్క్ (వెండి పరీక్షించి వేసే ముద్ర) లాగే ఉంటాయి, చాలామంది ఇక్కడే బోల్తా పడి ఇంగ్లీష్ వెండి అనేసుకుంటారు. కాంటన్‌లో వెండి పరీక్షించి ముద్ర వేసే ఆఫీసే లేదండీ. కొనేది ఓడల మీద వచ్చే ఇంగ్లీషువాళ్ళు, అమెరికన్లు, వాళ్ళకి అలవాటైన గుర్తులుంటే సరుకు తొందరగా కదులుతుంది, అందుకని అక్కడి పనివాళ్ళు చూసి కొట్టేసేవాళ్ళు. లండన్‌లో ఆ అక్షరం ఏడాదికొకటి మారుతుంది, రాజు తల అంటే పన్ను కట్టినట్టు (1784 నుంచి 1890 దాకా). కాంటన్ స్పూన్ మీద ఈ రెండూ ఉత్త అలంకారమే, కాబట్టి లండన్ పట్టిక తెరిచి సంవత్సరం వెతక్కండి, టైమ్ వేస్ట్. సింహం పక్కన షాపు పేరు గానీ పొడి అక్షరాలు గానీ ఉన్నాయేమో చూడండి, కట్‌షింగ్, ఖీచియాంగ్ లాంటి కాంటన్ పేర్లు దొరికేది అక్కడే.

1842 నాన్‌కింగ్ ఒప్పందంతో షాంఘైతో కలిపి అయిదు రేవులు తెరుచుకున్నాయి, హాంకాంగ్ బ్రిటిష్‌వాళ్ళ చేతికి పోయింది, షాపులు అటూ పాకాయి. ఆ తర్వాత్తర్వాత ముద్ర తీరే మారిపోయింది: డబ్ల్యూ హెచ్, పక్కన 90, ఇంకో పక్క చిన్న చైనీస్ అక్షరాలు. డబ్ల్యూ హెచ్ అంటే వాంగ్ హింగ్, కాంటన్‌లోనూ హాంకాంగ్‌లోనూ అమ్మిన పెద్ద షాపు. షాంఘైలో అయితే లుయెన్ వో. వీళ్ళు అమ్మినవాళ్ళు, చేసినవాళ్ళు కాదు! సుత్తి పట్టిన వర్క్‌షాపు ఆ చైనీస్ అక్షరాల్లో ఉంటుంది, ఒకే వర్క్‌షాపు ముద్ర వేరే వేరే షాపుల పేర్ల పక్కన కూడా కనిపిస్తుంది. నన్నడిగితే షాపు పేరుకిచ్చే ధరలో సగమన్నా ఈ అక్షరాలకివ్వాలి, ఎవరిస్తారు లెండి.

90 అంటే నూటికి 90 పాళ్ళు వెండి, స్టెర్లింగ్ 92.5 కన్నా కాస్త తక్కువ. టీ కొనడానికి పడమటివాళ్ళు మోసుకొచ్చిన స్పానిష్ డాలర్లలో కూడా వెండి దాదాపు అంతే, వాటిని కరిగించి ఈ సామాన్లు చేసేవాళ్ళు.

ఇక నకిలీలు. ఎక్కువ కాపీ కొట్టేది డబ్ల్యూ హెచ్ 90నే. అసలు ముద్ర ఉక్కు పంచ్‌తో కొట్టింది, గుంట అంచులు కోసినట్టు పదునుగా ఉంటాయి, కొంచెం వంకరగా పడ్డా పర్లేదు. వస్తువుతో పాటే పోత పోసిన ముద్రయితే అంచులు మెత్తగా జారిపోయి, అక్షరాల గుంటల్లో సూదిమొన అంత చిల్లులు కనిపిస్తాయి. వాడకంలో అరిగిన ముద్ర కూడా మెత్తగానే ఉంటుంది గానీ దాంట్లో చిల్లులుండవు, ఆ తేడా పట్టుకుంటే చాలు.

హోంవర్క్: వేలంపాటల ఫోటోల్లో ఒక టీ సెట్టు తీసుకుని షాపు, వర్క్‌షాపు, 90 ఉందా లేదా విడివిడిగా రాయండి. సెట్టులోని వస్తువులన్నిటికీ ఒకే ముద్ర ఉందో లేదో చూడండి, వేరే వేరే సెట్లలోంచి ఏరి కలిపినవి బోలెడు. వచ్చే భాగంలో గిన్నె లోపలి వైపు చూద్దాం, బయట డ్రాగన్ ఉబ్బెత్తుగా ఉన్నా లోపల నున్నగా ఎందుకుంటుందో. ఆ తర్వాత ఫిలిగ్రీ (సన్నటి వెండి తీగ పని), కరీంనగర్ పని చూసినవాళ్ళకి అది ఈజీనే.