సీప్యాప్ పెట్టుకున్నా నిద్ర సరిగ్గా పట్టట్లేదా? ముందు గాలి ఎటు పోతోందో చూడండి

స్లీప్ అప్నియా ఉన్నవాళ్లకి నిద్రలో గొంతు కండరాలు సడలి గాలిదారి మూసుకుపోతుంటుంది. సీప్యాప్ మెషిన్ ట్యూబు, ముఖానికి పెట్టుకునే మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపి ఆ దారిని తెరిచి ఉంచుతుంది. ఆ ఒత్తిడి గొంతు దాకా చేరకపోతే మెషిన్ రాత్రంతా నడిచినా లాభం లేదు. అందుకే ఏ ఇబ్బంది వచ్చినా నా అనుమానం ముందు మాస్క్ మీదికే పోతుంది.

బుస్సుమనే చప్పుడు, కళ్లలోకి గాలి

మాస్క్ అంచు ముఖానికి సరిగ్గా ఆనలేదన్నమాట. వెంటనే స్ట్రాపులు బిగించేస్తాం. దాంతో అంచున ఉండే మెత్తటి కుషన్ నలిగి లీక్ ఇంకా పెరుగుతుంది, ముక్కు మీద ఎర్రగా కమిలిపోతుంది కూడా. కూర్చుని సరిచేసుకున్న మాస్క్ పడుకోగానే కదిలిపోతుంది కాబట్టి, మెషిన్ ఆన్ చేసి, మీరు రోజూ పడుకునే భంగిమలోనే సరిచేసుకోండి. స్ట్రాపులు వదులు చేసి, మాస్క్‌ని ముఖం నుంచి కాస్త పైకి లాగి వదలండి. కుషన్‌లోకి గాలి నిండి దానంతటదే సర్దుకుంటుంది. ఆ తర్వాత రెండు వైపులా సమానంగా, లీక్ ఆగేంత వరకే బిగించండి. చర్మం మీది జిడ్డుకి కుషన్ జారుతుంది, రోజూ సబ్బునీళ్లతో కడగాలి. ఇంత చేసినా ఆగకపోతే సైజు తప్పు, లేదా కుషన్ అరిగిపోయింది.

ఒక్క మాట: మాస్క్ మీది చిన్న రంధ్రాల్లోంచి వచ్చే గాలి లీక్ కాదు. మీరు వదిలిన ఊపిరి బయటికి పోయే దారి అదే. వాటిని ఎప్పుడూ మూయకండి.

పొద్దున్నే నోరు పిడచకట్టడం

ముక్కు మాస్క్ వాడేవాళ్లు నిద్రలో నోరు తెరిస్తే గాలి అటు పోతుంది. చాలాసార్లు అసలు కారణం ముక్కు దిబ్బడ. ముందు దానికి వైద్యం చేయించుకోండి, గాలికి తేమ కలిపే హ్యుమిడిఫైయర్ కాస్త పెంచండి. అయినా తగ్గకపోతే నోటినీ కప్పే మాస్క్ అడగండి.

ట్యూబులో నీళ్ల గుడగుడ

గది చల్లగా ఉంటే తేమ గాలి ట్యూబులో నీరవుతుంది. తేమ తగ్గించండి, లేదా వేడిచేసే ట్యూబు వాడండి. మెషిన్ మంచం కంటే కిందుగా ఉండాలి.

కడుపు ఉబ్బరం, త్రేన్పులు

గాలి మింగేస్తున్నారు. ఒత్తిడి సెట్టింగ్ మీరే మార్చకుండా డాక్టర్‌కి చెప్పండి.

మాస్క్ పెట్టగానే టెన్షన్

ర్యాంప్ ఆన్ చేస్తే గాలి తక్కువ ఒత్తిడితో మొదలై మెల్లగా పెరుగుతుంది. పగలు టీవీ చూస్తూ కాసేపు పెట్టుకుని అలవాటు చేసుకోండి.

అన్నీ బాగున్నా పగలు నిద్రమత్తు

మెషిన్‌లో ఏహెచ్ఐ అంకె చూడండి. గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో అది చెబుతుంది. 5 లోపు ఉంటే మంచిది. అంకె బాగుంటే ఎన్ని గంటలు వాడారో చూడండి, అర్ధరాత్రి తెలియకుండానే మాస్క్ తీసేసేవాళ్లు చాలామంది. లీక్ లేకున్నా ఏహెచ్ఐ ఎక్కువుంటే ఒత్తిడి చాలకపోవచ్చు. లేదా ఊపిరి తీసుకోమనే సంకేతం మెదడు నుంచే రాకపోవచ్చు. అప్పుడు ఒత్తిడి పెంచితే ఒక్కోసారి ఇంకా చెడుతుంది. మెషిన్ డేటా పట్టుకుని డాక్టర్‌ని కలవండి. ఈలోగా మత్తుగా ఉంటే బండి నడపొద్దు.