చక్కెర ఆహారం పెట్టిన పండు ఈగలు: ఫలితం తేడాగా వస్తే ఎక్కడ వెతకాలి

ల్యాబ్ ప్రయోగాల్లో పండు ఈగలకు పెట్టే మామూలు ఆహారంలో సుక్రోజ్ (చక్కెర) 0.15 మోలార్, అంటే 5 శాతం దగ్గర ఉంటుంది. 'ఎక్కువ చక్కెర' వయల్‌లో (ఈగలను పెంచే చిన్న సీసాలో) చాలామంది 1 మోలార్, అంటే సుమారు 34 శాతం వేస్తారు. అంత తీపి జీవక్రియను దెబ్బతీసే మాట నిజమే. కానీ వయల్‌లో కనిపించే ప్రతి తేడానూ దాని ఖాతాలో వేయకూడదు.

సమస్య: లార్వాలు ప్యూపా కావడం లేదు, చిన్నగా ఉన్నాయి

కారణం: ఇన్సులిన్ సంకేతాలు సరిగ్గా పనిచేయక ఎదుగుదల మందగిస్తుంది. 25 డిగ్రీల వద్ద గుడ్డు నుంచి ప్యూపా కావడానికి మామూలుగా దాదాపు 5 రోజులు, ఇక్కడ ఇంకొన్ని రోజులు పడుతుంది. ఒకే రోజు పెట్టిన గుడ్లు కదా అని రెండు గుంపులనూ ఒకేసారి కొలిస్తే, పోల్చేది వేర్వేరు దశల లార్వాలను.

పరిష్కారం: రోజులు కాదు, దశ చూడండి. ఆహారంలో కాస్త బ్రోమోఫినాల్ బ్లూ అనే రంగు కలిపితే పేగు నీలంగా కనిపిస్తుంది. తిండి మానేసి గోడెక్కిన లార్వాలో ఆ నీలం క్రమంగా పోతుంది. రెండు గుంపుల నుంచీ ఒకే స్థాయి నీలం ఉన్నవాటినే ఏరండి. చిన్నగా ఉన్నా కొవ్వు ఎక్కువగా ఉండటం వింతేమీ కాదు. ట్రైగ్లిజరైడ్‌ను (నిల్వ కొవ్వును) లార్వాకు ఇంత అని కాకుండా ప్రోటీన్‌తో భాగించి చెప్పండి.

సమస్య: గ్లూకోజ్ రీడింగ్‌లో తేడా లేదు

కిట్‌ను తిట్టుకోకండి. ఈగ రక్తంలో, అంటే హీమోలింఫ్‌లో, తిరిగే ప్రధాన చక్కెర ట్రెహలోజ్. రెండు గ్లూకోజ్‌లు అతుక్కున్న అణువు అది. మామూలు గ్లూకోజ్ కిట్‌కు కనబడదు. ముందు నమూనాను 70 డిగ్రీల వద్ద కొన్ని నిమిషాలు వేడిచేసి ఈగ సొంత ఎంజైమ్‌లను ఆపండి, తర్వాత ట్రెహలోజ్‌ను గ్లూకోజ్‌గా విడగొట్టే ట్రెహలేజ్ ఎంజైమ్ కలిపి కొలవండి. మొత్తం లార్వాను నూరితే పేగులోని తిండి చక్కెర కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి హీమోలింఫే తీయండి. తీసే ముందు లార్వాను కడగండి.

సమస్య: ఎదిగిన ఈగలు తొందరగా చచ్చిపోతున్నాయి

అందరూ ముందు ఊబకాయం, డయాబెటిస్ అంటారు. నా దృష్టిలో మొదట అనుమానించాల్సింది దాహాన్ని. 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో, చక్కెర ఆహారంతో పాటు విడిగా నీళ్లు అందిస్తే ఈగల ఆయుష్షు తిరిగి పెరిగింది. నీళ్లు లేనప్పుడు వాటి కిడ్నీల్లాంటి మాల్పిజియన్ నాళికల్లో యూరిక్ యాసిడ్ రాళ్లు చేరాయి. అయితే నీళ్లిచ్చినా కొవ్వు, ఇన్సులిన్ నిరోధకత తగ్గలేదు. అంటే చావుకు, జీవక్రియ దెబ్బతినడానికి దారులు వేరు.

పరిష్కారం: పోషకాలేవీ లేని పలుచని ఆగార్‌ను (నీళ్లు పట్టి ఉంచే జెల్లీని) చిన్న గొట్టంలో పోసి వయల్‌లో ఉంచండి, ఎండకముందే మార్చండి. కంట్రోల్ (మామూలు ఆహారం ఉన్న) వయళ్లకూ అదే పెట్టాలి, లేకపోతే తేడా నీళ్లదో చక్కెరదో తేలదు.