హరీస్ ఒకే గిన్నెలో వండి నాలుగు ప్రాంతాల తీరున వడ్డించడం ఎలా

పొట్టు తీసిన గోధుమలు, మాంసం, నీళ్లు, ఉప్పు. వీటిని గంటల తరబడి ఉడికించి మెదిపితే హరీస్ అవుతుంది. పదో శతాబ్దంలో బాగ్దాద్‌లో రాసిన వంటల పుస్తకంలోనే ఈ వంటకం ఉంది. ఈనాటికీ యెమెన్, ఒమన్, ఇరాన్, తుర్కియేల్లోనూ, తూర్పు ఆఫ్రికా తీరంలోనూ, మన హైదరాబాద్‌లోనూ ముస్లింల ఇళ్లలో దీన్ని వండుతారు. అడుగున ఉన్నది అదే గోధుమ, అదే మాంసం. పైన వేసేది మాత్రం ఏ ప్రాంతానికి ఆ ప్రాంతానిదే. ముస్లింలంటే అందరూ ఒకేలా ఉంటారనుకునేవారికి ఈ తేడా నాలుక మీదే తెలుస్తుంది. ఇఫ్తార్‌కు ఎనిమిది మందిని పిలిచినా, పిల్లలకు తరగతిలో చూపించాలన్నా ఈ పద్ధతి పనికొస్తుంది.

ఒక నియమం తప్పకూడదు. అసలు గిన్నెలో ఉప్పు తప్ప ఇంకేమీ వేయకండి. అల్లం వెల్లుల్లి, గరం మసాలా ముందే వేస్తే నాలుగూ హైదరాబాదీ హలీం రుచికి వచ్చేస్తాయి, మిగతా మూడూ పోయినట్టే. ఉప్పు గోధుమ చప్పగా ఉంటుందని మనవాళ్లకు చెయ్యి ఆగదు. ఆపుకోవాలి. గల్ఫ్ ఇళ్లలో ఆ సాదా రుచి కోసమే తింటారు.

అసలు గిన్నె

ఎనిమిది మందికి 400 గ్రాముల పొట్టు తీసిన గోధుమలు, ఎముకతో ఉన్న మటన్ 800 గ్రాములు కావాలి. జబ్బ ముక్క గానీ మెడ ముక్క గానీ తీసుకోండి. కొవ్వు, నరం ఉన్న ముక్కే పోగులు పోగులుగా విడిపోతుంది. తొడ మాంసం ఒక్కటే వేస్తే పొడిపొడిగా వస్తుంది. ముస్లిం అతిథులు వస్తున్నారంటే హలాల్ మాంసమే తెచ్చి, ఆ సంగతి వాళ్లు అడగకముందే చెప్పండి.

గోధుమలను ముందు రోజు రాత్రే కడిగి నానబెట్టాలి. ఎనిమిది గంటలకు తగ్గకూడదు. పొట్టుతో ఉన్న గోధుమలు ఎంతసేపు ఉడికినా నలగవు, తవుడు పంటికి తగులుతూనే ఉంటుంది. పొట్టు తీసినవి దొరకకపోతే లావు గోధుమ రవ్వ వాడండి, దానికి రెండు గంటలు నానితే చాలు.

మటన్‌ను 1.2 లీటర్ల నీళ్లు, రెండు చెంచాల ఉప్పుతో కుక్కర్‌లో పెట్టండి. ఒక విజిల్ వచ్చాక సెగ తగ్గించి 40 నిమిషాలు ఉంచాలి. వేళ్లతో నొక్కితే ముక్క ఎముకను వదిలేయాలి. ఎముకలన్నీ తీసేయండి. సన్న ఎముక ఒక్కటి మిగిలినా తర్వాత ముద్దలో కనిపించదు, తినేవారి గొంతులో తెలుస్తుంది. అందుకే చెంచాతో కాకుండా చేత్తోనే వెతకాలి. మాంసం ఉడికిన నీళ్లను పారబోయకండి.

గోధుమలను విడిగా రెండు లీటర్ల నీళ్లతో సన్న సెగ మీద 45 నిమిషాలు ఉడికించండి. కుక్కర్ సగానికి మించి నిండకూడదు. గోధుమ జిగురు పొంగి విజిల్ రంధ్రంలో అడ్డుపడితే ప్రమాదం. ఐదు లీటర్ల కుక్కర్ అయితే ఈ కొలత సరిగ్గా సగం వరకు వస్తుంది, చిన్నదైతే రెండు విడతలుగా పెట్టుకోండి.

ఇప్పుడు గోధుమలు, మాంసం, ఆ నీళ్లు అన్నీ అడుగు మందంగా ఉన్న ఏడు లీటర్ల గిన్నెలోకి మార్చి, గిన్నె కింద ఇనుప పెనం పెట్టి, సన్న సెగ మీద గంటసేపు పప్పుగుత్తితో మెదపాలి. హైదరాబాద్ భట్టీల దగ్గర ఇదే పనిని పొడవాటి కర్ర ఘోటాలతో ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి చేస్తారు. మిక్సీలో మాత్రం వేయవద్దు. బ్లేడు మాంసం పోగులను తెంపేస్తుంది, గోధుమ జిగురు బంకలా మారుతుంది. మెదిపినప్పుడైతే పోగులు సాగి జిగురుతో అల్లుకుంటాయి. గరిటెతో ఎత్తి వదిలితే ముద్ద తెగిపడకుండా తీగలా సాగుతూ జారాలి. నీళ్లు విడిగా పైకి తేలుతున్నాయంటే ఇంకా మెదపాలని అర్థం.

గట్టిపడితే మరుగుతున్న నీళ్లే పోయండి, చన్నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. ఉడికేటప్పుడు బుడగలు చిట్లి మీద పడతాయి, బాగా కాలుతాయి. పొడుగు చేతుల చొక్కా వేసుకుని, మూత ఓరగా పెట్టండి. మాడు వాసన వస్తే అడుగు గీకవద్దు. పైభాగాన్ని మెల్లగా వేరే గిన్నెలోకి వంచేస్తే వంట దక్కుతుంది, గీకితే మొత్తం పాడవుతుంది.

ముద్ద సుమారు మూడు కిలోలు అవుతుంది. నాలుగు భాగాలు చేయండి.

హద్రమౌత్, బార్కస్

మొదటి భాగానికి పావు చెంచా ఉప్పు కలిపి పళ్లెంలో పరచండి. మధ్యలో గుంట చేసి రెండు పెద్ద చెంచాల వేడి నెయ్యి పోస్తే గల్ఫ్ తీరు వచ్చేస్తుంది. యూఏఈ, ఒమన్, సౌదీ అరేబియాల హరీస్‌ను 2023లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. నిజాం సైన్యంలో కొలువుకు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులే హైదరాబాద్ బార్కస్‌లోని చావుష్‌లు. అక్కడ హరీస్ మీఠా (తీపి), ఖారా (కారం) రెండూ అమ్ముతారు. మీఠా కావాలంటే ఉప్పు కలపడం మానేసి, పైన రెండు చెంచాల చక్కెర చల్లండి. ఖారాకు దంచిన మిరియాలు అర చెంచా చాలు.

ఇరాన్

ఇరాన్‌లో దీన్ని హలీం అనే అంటారు, కానీ మనవాళ్లు చూస్తే ఆశ్చర్యపోతారు. ఎక్కువగా పొద్దున్నే తినే ఫలహారం అది, తీపిగా తింటారు. ఉప్పు ఇంకేమీ కలపకుండా మరో పావుగంట మెదపండి, మిగతా వాటికన్నా సాగాలి. పైన ఒక చెంచా వెన్న, రెండు చెంచాల చక్కెర, అర చెంచా దాల్చిన చెక్క పొడి, వేయించిన నువ్వులు కొన్ని. దాల్చిన చెక్క పొడి పాతదైతే రంగే తప్ప వాసన ఉండదు, అప్పటికప్పుడు దంచుకోండి.

తుర్కియే

అక్కడ కెష్కెక్ అంటారు, పెళ్లిళ్లకు పెద్ద డేగిశాల్లో వండుతారు. గోధుమలను రాతి రోట్లో దంచుతుంటే పక్కనే డోలు, సన్నాయిలాంటి జుర్నా వాయిస్తారు. ఆ ఆచారాన్ని యునెస్కో 2011లోనే గుర్తించింది. అర చెంచా ఉప్పు కలిపి వడ్డించండి. 30 గ్రాముల వెన్నను నురగ వచ్చేదాకా కరిగించి, పొయ్యి ఆపాకే ఒక చెంచా కచ్చాపచ్చాగా దంచిన ఎండుమిర్చి వేసి పైన పోయాలి. పొయ్యి మీద ఉండగా వేస్తే మిర్చి నల్లబడి చేదెక్కుతుంది. బ్యాడగి మిర్చి అయితే రంగూ ఘాటూ దగ్గరగా కుదురుతాయి, గుంటూరు మిర్చి ఇక్కడ ఎక్కువైపోతుంది.

హైదరాబాద్

పని ఎక్కువ ఉన్నది దీనికే. శనగపప్పు, మినప్పప్పు, పెసరపప్పు, ఎర్ర కందిపప్పు ఒక్కో పెద్ద చెంచా తీసుకుని విడిగా ఉడికించి మెదిపి పెట్టుకోండి. మూడు పెద్ద చెంచాల నెయ్యిలో రెండు ఉల్లిపాయల ముక్కలను ఎర్రగా వేయించి, సగం పక్కన పెట్టండి. మిగిలినదాంట్లో ఒకటిన్నర చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద, మూడు పచ్చిమిర్చి, అర చెంచా షాజీరా, దంచిన మిరియాలు, నాలుగు చలవమిరియాలు, అర చెంచా గరం మసాలా, రెండు చెంచాల పెరుగు వేసి నూనె తేలేదాకా వేయించాలి. చలవమిరియాలు, అంటే కబాబ్‌చీనీ, లేకపోతే ఆ వాసన రానే రాదు. నాలుగో భాగం, పప్పు, అర చెంచా ఉప్పు, ఒక గ్లాసు వేడి నీళ్లు కలిపి 20 నిమిషాలు మెదుపుతూ ఉడికించండి. గరిటెజారుగా ఉండగానే దించండి, ఆరాక ఇంకా గట్టిపడుతుంది. పైన వేయించిన ఉల్లి, పుదీనా, కొత్తిమీర, జీడిపప్పు, నిమ్మచెక్క. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీం ఈ కుటుంబంలోదే.

మాంసం ముక్కలుగానే ఉంచి వండే ముంబయి ఖిచ్డా, గోధుమకు బదులు బియ్యంతో చేసే కశ్మీరీ హరీసా ఈ గిన్నె నుంచి రావు. వాటికి మొదటి నుంచి విడిగా వండాల్సిందే.

వడ్డించేటప్పుడు అతిథులకు ఒక మాట తప్పక చెప్పండి. ఇది గోధుమ తినే నేలల వంట, ముస్లింలందరి వంట కాదు. ఆర్మేనియాలో క్రైస్తవులు కూడా దీన్ని వండుకుంటారు. ప్రపంచంలోకెల్లా ఎక్కువమంది ముస్లింలున్న దేశాల్లో ముందువరుసలో ఉన్న ఇండోనేషియాలో ఈద్ రోజు కొబ్బరాకులో ఉడికించిన అన్నం, కొబ్బరిపాల కోడికూర ఉంటాయి. సెనెగల్‌లో పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని చేప, అన్నం తింటారు.

రంజాన్‌లో ఉపవాసం ఉండి వండేవారు చాలామంది రుచి చూడరు. ఉప్పు కొలిచి వేయమన్నది అందుకే. మిగిలిన ముద్ద రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. పెద్ద గిన్నెతో పెడితే మధ్యలో వేడి చాలాసేపు ఉండి పులుస్తుంది కాబట్టి వెడల్పాటి డబ్బాల్లో పలచగా పరిచి పెట్టండి. మర్నాడు వేడి చేసేటప్పుడు కప్పు ముద్దకు పావు కప్పు వేడి నీళ్లు పోసి, సన్న సెగ మీద మళ్లీ మెదపండి. నెయ్యి మాత్రం కొత్తగా వేయండి.